ఆ నలభై నాలుగూ ఎవడు తిన్నాడు

విశాఖపట్నంలో ఒక మనిషి ఉద్యోగాన్ని ఒకే ఒక్క చాక్‌పీసుతో నిలబెట్టినవాణ్ణి నేనే. ఈ మాట పెళ్ళిళ్ళలో చెప్పాను, రైళ్ళలో చెప్పాను, పన్ను పీకించుకోవడానికి వెళ్ళినప్పుడు నోట్లో దూది పెట్టుకుని డాక్టరుకి కూడా చెప్పాను. అందరూ ఆశ్చర్యపోయారు. డాక్టరు మాత్రం కాసేపు మాట్లాడకుండా ఉండమన్నాడు.

మొన్న మల్కాపురంలో ఒక పెద్దాయన పోయారు. ఇన్నాళ్ళూ ఈ కథ ఎక్కడ చెప్పినా, "ఏదీ, సూపించు" అని అడిగే మనిషి ఒకాయన ఆ మల్కాపురంలో బతికే ఉన్నారన్న భయం నా నాలికని కాస్త పట్టి ఉంచేది. ఆయన పోయాక ఆ పట్టు లేదు. కాబట్టి ఇప్పుడు నన్ను నేనే అనుమానించుకుంటూ రాయాల్సి వస్తోంది. అలవాటు లేని పని.

ఆయన పేరు రాయను. తన పేరు ఎక్కడ కనిపించినా ఎవడు రాశాడు, ఎందుకు రాశాడు అని ఆరా తీసే మనిషి. శుభలేఖ మీద తన పేరు ముందు 'శ్రీ' కనిపిస్తే, వీళ్ళు నన్నేదో అడగబోతున్నారు అనుకునేవారు. మేమంతా చాటుగా ఆయన్ని 'సూపించు గారు' అనేవాళ్ళం. చాటుగా అనుకునేవాళ్ళం గానీ ఆయనకి తెలుసు. తెలిసినట్టు మాకు తెలియనివ్వలేదు, అంతే.

పోర్టులో ఓడ దిగిన సున్నపురాయి లారీల మీద మా ఫ్యాక్టరీకి వచ్చేది. ఫ్యాక్టరీ అంటే దువ్వాడ దారిలో ఒక సున్నపు బట్టీ. దాని పొగగొట్టం యారాడ కొండంత ఎత్తు. సరే, కొండంత కాదు, రెండు కొబ్బరిచెట్లంత. రాయిని బట్టీలో పోసి కాలిస్తే సున్నం అవుతుంది. ఆ సున్నాన్ని ఉక్కు కరిగించేవాళ్ళు కొనుక్కునేవాళ్ళు. కరిగిన ఉక్కులో ఉన్న మలినాన్ని అది లాగేసుకుంటుంది. నేను అక్కడ లాబులో కెమిస్టుని. ఆయన గేటు సూపర్‌వైజరు. వచ్చే లారీ, పోయే లారీ, భోజనం క్యారేజీ, చొక్కా జేబు, అన్నీ ఆయన కళ్ళ ముందు నుంచే కదలాలి.

మనిషి పొట్టి. జేబులో ఎప్పుడూ ఒక టార్చిలైటు. పట్టపగలు, ఎండ కళ్ళు పొడుస్తుండగా, ఆ టార్చి వేసి క్యారేజీ గిన్నెల్లోకి చూసేవారు. చూసేటప్పుడు కోడి గింజని చూసినట్టు తల పక్కకి వంచి ఒక కంటితో చూసేవారు. టీ కొట్టులో గ్లాసు అందుకుంటే ముందు పైకెత్తి అడుగు చూసి, ఆ తర్వాత టీ చూసి, ఆ తర్వాత టీ ఇచ్చినవాణ్ణి చూసి, అప్పుడు తాగేవారు. అప్పటికి అది చల్లారిపోయేది. "టీ సల్లగా ఇచ్చినాడు, సూసినావా" అని నాతో గుసగుసగా అనేవారు.

ఎవరికీ నచ్చని మనిషే. కానీ ఒకటుంది. డ్యూటీ దిగేటప్పుడు తన జేబులు తనే బయటికి తిప్పి, తన కింద పనిచేసే గార్డు ముందు రెండు చేతులూ చాపి నిలబడేవారు.

"సూడు" అనేవారు.

ఆ గార్డు సిగ్గుపడి, "మీకెందుకులెండి సార్" అన్నాడు ఒకసారి.

"ఎందుకులెండి అన్నావా? అంటే నాను లేనప్పుడు ఇంకెవణ్ణేనా ఎందుకులెండి అని ఒగ్గీసినావన్నమాట!" అని ఆ రోజు నుంచి వాణ్ణి కూడా కనిపెట్టడం మొదలుపెట్టారు.

దువ్వాడ స్టేషన్లో బరువు చూసే మిషను ఉండేది. రైలు కోసం నిలబడ్డ వాళ్ళంతా కాలక్షేపానికి ఎక్కేవాళ్ళు. ఈయన చెప్పులతో ఒకసారి ఎక్కేవారు, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంకోసారి ఎక్కేవారు. "సెప్పులు కాలికున్నా సేతిలో ఉన్నా బరువొక్కటే రావాల. రాకపోతే మిషను దొంగ" అనేవారు. ఒకసారి తేడా వచ్చిందట. స్టేషను మాస్టరు దగ్గరికి వెళ్ళారు. రైలు తప్పిపోయింది.

ఆదివారం మల్కాపురం చేపల మార్కెట్లో ఆయన్ని చూడాలి. ఒక వంజరం తూయించారు. కోయించారు. అప్పుడు ముక్కలు తూయమన్నారు. అమ్మే ఆవిడ తూచింది.

"ఇప్పుడు పొలుసూ, మొప్పలూ, పేగులూ తూచు" అన్నారు.

"అయ్యెందుకు మావా, పిల్లికెడతావేటి?"

"తూచు."

తూచింది. అంతా కలిపినా మొదటి తూకానికి కొంచెం తక్కువే వచ్చింది.

"మిగిలిందేదీ?"

"కత్తికంటుకున్నాది, సెక్కకంటుకున్నాది, నెత్తురు నీళ్ళల్లో పోనాది. నెత్తురు కూడా తూయమంటావేటి?"

"ఉంటే తూచు."

"ఓలమ్మా! ఈ మావ రేపు సచ్చినా యముడి కాడ కాటా ఎట్టిత్తాడు, ఊపిరెంత పోనాదో సూపించమని!"

మార్కెట్ మొత్తం, ఒక వెయ్యి మంది, పడీపడీ నవ్వారు. వెయ్యి కాదు. ఆవిడా, పక్కన రొయ్యలమ్మే ఆవిడా, నేనూ. ఆయన నవ్వలేదు. చెక్క మీది నెత్తురు వంక తల వంచి చూసి, "సరే. పోనాది గానీ, ఎక్కడికి పోనాదో తెలిసింది. సాలు" అన్నారు.

ఇలాంటి మనిషికి మా యాజమాన్యం గేటు దగ్గర పెద్ద కాటా కట్టించి పెట్టింది. లారీ లారీగా తూచేసే కాటా. అంతకు ముందు రాయి లారీల లెక్కన లోపలికి వచ్చేది, సున్నం మాత్రం తూచి అమ్మేవాళ్ళు. ఇప్పుడు రెండూ తూగుతున్నాయి. కాటా పెట్టిన నెలలోనే ఆయన నా లాబు గుమ్మంలో నిలబడ్డారు. గొంతు బాగా తగ్గించారు.

"కెమిస్టు గారూ, తలుపేయండి. లోపలికి వంద టన్నుల రాయెల్తే, బయటికి యాభై ఆరు టన్నుల సున్నమొస్తన్నాది. నలభై నాలుగు ఎవడో తినేస్తన్నాడు."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు కూడా ఆయన గమనించారు.

"ఎవడూ తినలేదండీ. రాయి కాలితే అందులోంచి గాలి బయటికి పోతుంది. వంద పాళ్ళ రాయిలో యాభై ఆరు పాళ్ళు సున్నం, నలభై నాలుగు పాళ్ళు బొగ్గుపులుసు గాలి. లెక్క సరిగ్గా సరిపోయింది."

"గాలి నలభై నాలుగు టన్నులా?"

"అవును."

"గాలికి బరువేటండి? బరువుంటే మరి మన నెత్తిమీద పడదేం?"

"పడుతూనే ఉంది. మనకి తెలియదు."

ఆయన నా వైపు ఒక కంటితో చాలాసేపు చూశారు. "లెక్క మరీ సరిగ్గా సరిపోనాది. సరిగ్గా సరిపోయిన లెక్కంటే నాకు బయిం" అని వెళ్ళిపోయారు. తర్వాత తెలిసింది, ఆ రోజు నుంచి ఆయన జాబితాలో నేను కూడా ఉన్నానని.

జాబితాలో మొదటివాడు సున్నం గొడౌను మేస్త్రీ. యారాడ మనిషి. అన్నదమ్ములందరూ సముద్రం మీదకి వెళ్ళేవాళ్ళు, ఇతనొక్కడే నేల మీద పని వెతుక్కుని వచ్చాడు. బట్టీలోంచి దిగిన సున్నమంతా ఇతని చేతుల మీదుగానే లారీ ఎక్కాలి. కాబట్టి తినేవాడు ఉంటే ఇతనే అయ్యుండాలి. పైగా ఒక ఆధారం కూడా దొరికింది: యారాడలో మేస్త్రీ ఇంటికి కొత్తగా వెల్ల వేశారు.

"వెల్లకి ఎంత సున్నం పడుతుందండీ? మీరు చెప్పే సున్నంతో డాల్ఫిన్ కొండ మొత్తానికి వెల్ల వెయ్యొచ్చు" అన్నాను.

"అటేపు ఏసీసినారేమో. ఎవడు సూసినాడు?" అన్నారు సూపించు గారు. అది హాస్యం కాదు. ఆయనకి హాస్యం చేతకాదు.

మేనేజరు కొత్తగా వచ్చాడు. అంతకుముందు ఎక్కడో అమ్మకాలు చూసినవాడు. రాయి సంగతి తెలియదు. సగానికి సగం సరుకు మాయమవుతోందని గేటు సూపర్‌వైజరు చెబితే బెదిరిపోయాడు. మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచాడు. నేను మా లాబులో రోజూ రాయి కాల్చి చూస్తామని, కావాలంటే ఇప్పుడే కాల్చి చూపిస్తానని అన్నాను.

సూపించు గారు ఒప్పుకోలేదు. "మీ లాబులో రాయి మీ రాయే. తూచేది మీరే, కాల్చేది మీరే, సెప్పేదీ మీరే. ఇంక నాను సూసేదేటున్నాది?"

ఇక్కడే నాకు కొమ్ములు మొలిచాయి. మేనేజరు గదిలో నల్లబల్ల ఉంది. దాని కింది పెట్టెలోంచి ఒక తెల్ల చాక్‌పీసు తీసి పైకెత్తి చూపించాను.

"ఇది నాది కాదు. మేస్త్రీది కాదు. దీన్నెవరూ ముట్టుకోలేదు. ఇదీ మన రాయి జాతిదే, చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్నాను. దీన్ని కాలుస్తాను. వంద పాళ్ళు పెడితే యాభై ఆరు మిగులుతుంది. పిసరు తేడా వస్తే నా మీసం తీయించుకుంటాను!"

అందరం లాబుకి నడిచాం. తూచాను. మూసలో పెట్టి కొలిమిలో పెట్టాను. ఎర్రబడేదాకా కాల్చి, చల్లార్చి, మళ్ళీ త్రాసు మీద పెట్టాను. ఈ చాక్‌పీసుతోనే నేను మేస్త్రీ ఉద్యోగం నిలబెట్టానని మొదట్లో చెప్పాను కదా.

అది అబద్ధం. ఆ చాక్‌పీసు మేస్త్రీని ముంచేసింది.

యాభై ఆరు రావలసిన చోట డెబ్భై తొమ్మిది వచ్చింది. మళ్ళీ తూచాను. డెబ్భై తొమ్మిదే. మేనేజరు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"అంటే ఇరవై ఒకటి గాల్లో పోతుందని మీరే రుజువు చేశారు. నలభై నాలుగులో ఇరవై ఒకటి పోతే, మిగతా ఇరవై మూడూ ఎక్కడ?"

గుమ్మంలో నిలబడ్డ మేస్త్రీ వైపు అందరూ తిరిగారు.

"నా కేసి సూత్తారేటి? నాకేటి తెలుస్తాది? ఆ సాక్‌పీసునడగండి" అన్నాడు మేస్త్రీ.

విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నాడు మేనేజరు. విచారణ అంటే ఏమిటో అందరికీ తెలుసు. గొడౌనులో సున్నం తిన్నాడని పేరు పడితే దువ్వాడ నుంచి పోర్టు దాకా ఇంకో గొడౌను అతణ్ణి పనిలోకి తీసుకోదు. మేస్త్రీ తన క్యారేజీ తీసుకుని గేటు వైపు నడిచాడు. గేటు దగ్గర సూపించు గారు టార్చి తీశారు.

"ఇప్పుడు కూడానా?" అన్నాడు మేస్త్రీ.

"ఇప్పుడు కూడా."

క్యారేజీ మూడు గిన్నెలూ విప్పించి చూశారు. మేస్త్రీ మళ్ళీ బిగించుకుని వెళ్ళిపోయాడు.

ఒక్క మాట పెంచకుండా, తగ్గించకుండా చెబుతున్నాను: నేను మేస్త్రీని ఎప్పుడూ అనుమానించలేదు. త్రాసుని అనుమానించాను, కొలిమిని అనుమానించాను, చదువు చెప్పిన మాస్టార్ని అనుమానించాను. మేస్త్రీని మాత్రం లేదు.

మర్నాడు పొద్దున్నే సూపించు గారు లాబుకి వచ్చారు. ముందు నా మూతి మీద టార్చి వేశారు.

"మీసం ఇంకా ఉన్నాదే."

"ఉంది."

"సరే. సాక్‌పీసూ మన రాయీ ఒకటేనని ఎవడు సెప్పినాడు?"

"పుస్తకం."

"ఆ పుస్తకం రాసినోడు మన మేనేజరు గదిలో సాక్‌పీసు సూసినాడా?"

నేను త్రాసు పళ్ళెం తుడవడం మొదలుపెట్టాను.

"నువ్వు ఇదివరకెప్పుడేనా సాక్‌పీసు కాల్చినావా?"

"లేదు."

"మరి?"

ఆ 'మరి'కి నేను చేసింది చాలా చిన్న పని. నిన్ననే చెయ్యవలసిన పని. ఒక రాయి ముక్క మీదా, ఒక చాక్‌పీసు మీదా చెరో చుక్క యాసిడ్ వేశాను. రాయి బుస్సుమని పొంగింది. చాక్‌పీసు తడిసి ఊరుకుంది. అప్పుడు వెలిగింది నాకు. ఈ రోజుల్లో చాక్‌పీసులు సున్నపురాయితో చెయ్యడం లేదు, జిప్సంతో చేస్తున్నారు. జిప్సం కాలిస్తే అందులోంచి పోయేది నీళ్ళ ఆవిరి. అది వందకి ఇరవై ఒకటి. చాక్‌పీసు తన లెక్క తను సరిగ్గానే చెప్పింది. నేనే దాన్ని వేరేవాళ్ళ కేసులో సాక్షిగా పిలిచాను.

నాకు ఒకటి మాత్రం అర్థం కాలేదు. అడిగాను.

"చాక్‌పీసు మీ పక్షానే చెప్పింది కదండీ. మేస్త్రీ దొంగ అన్నారు, దొంగ అని తేలింది. మళ్ళీ దాన్ని కెలుకుతారేమిటి?"

ఆయన నన్ను బుర్ర లేనివాణ్ణి చూసినట్టు చూశారు. "నా పక్షాన సెప్పినోణ్ణే కదేటి ముందు సూడాల? ఎందుకు సెప్తన్నాడని."

ఈ మాట ఆయన బతికున్నంతకాలం నేను ఎక్కడా చెప్పలేదు. నా కథలో ఈ మాట నేనే అన్నట్టు చెప్పుకునేవాణ్ణి.

ఆ తర్వాత జరిగినదంతా ఆయన చేసిందే. రాయి గుట్ట అడుగు నుంచి తనే ముక్కలు ఏరుకున్నారు. నా త్రాసుని నమ్మలేదు. వన్‌టౌన్‌లో సాంబ్రాణి, అత్తరు అమ్మే సాయిబు గారి దగ్గర చిన్న తక్కెడ అరువు తెచ్చారు. "ఏం తూస్తారు, బంగారమా?" అని అడిగాట్ట సాయిబు. "రాయి" అన్నారట ఈయన. "ఖుదా! రాయికి ఇంత మర్యాదా!" అన్నాట్ట ఆయన. తక్కెడ ఇవ్వడం మాత్రం ఇచ్చాడు.

తూకం వేసి, ముక్కలు కొలిమిలో పెట్టి, తలుపు మీద అడ్డంగా కాగితం అతికించి, దాని మీద సంతకం చేసి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆ మంట వేడికి కాగితం మాడిపోయింది. ఇంకోటి అతికించారు. టీ వస్తే తాగలేదు. నేను నా పని చూసుకోవడానికి లేస్తే, "కూకోండి. మీరెల్తే మీ మీద అనుమానపడాల" అన్నారు. కూర్చున్నాను.

చల్లారాక తూచారు. వందకి యాభై ఏడు.

"పుస్తకంలో యాభై ఆరన్నారు. ఈ ఒకటేటి?"

"ఇసుకండీ. మన రాయిలో కాస్త ఇసుక కలిసి ఉంటుంది. అది కాలినా ఎక్కడికీ పోదు. బట్టీ దగ్గర ఆ మాత్రం దుమ్ముగా రాలిపోతుంది, ఇక్కడ రాలలేదు."

"మంచిదే. ఉన్నదానికి పేరు సెప్పినారు. పోయినదాన్ని సూపించండి."

అది నావల్ల కాలేదు. బట్టీ పైన వేడి అలలు అలలుగా లేస్తుంటుంది, అదే ఆ గాలి అన్నాను. "అది ఏడి. గాలి కాదు" అన్నారు. ఆ కాలిన సున్నం ముక్కలని తక్కెడలోనే ఉంచి, నేను రాత్రి ఏదైనా మార్చేస్తానేమోనని లాబు కిటికీ పక్కన పెట్టి, గార్డుని కాపలా ఉంచి వెళ్ళారు. పొద్దున్న వచ్చి తూస్తే సున్నం బరువు పెరిగింది.

"ఎవడో కలిపినాడు!"

"ఎవడూ కలపలేదండీ."

"మరెలా పెరిగినాది?"

"సముద్రపు గాలి. కాలిన సున్నం ఊరుకోదు, గాల్లో తేమనీ, తను పోగొట్టుకున్న గాలినీ మళ్ళీ పీల్చుకుంటుంది."

ఆయన నమ్మలేదు. కిటికీ మూయించి, తక్కెడ మీద పెద్ద గాజు జాడీ బోర్లించి, చుట్టూ మైనం పూసి వెళ్ళారు. మర్నాడు తూకం పెద్దగా కదలలేదు. జాడీ తీసేసి కిటికీ తెరిపించారు. సాయంత్రానికి మళ్ళీ పెరిగింది. ముక్కలు బీటలు తీసి, పిండి రాలడం మొదలైంది. ఆయన ఆ పిండి వంకే చూస్తూ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టారు. పోర్టు వైపు నుంచి గాలి వస్తోంది. కాసేపు చెయ్యి అలాగే ఉంచి, ఒక కంటితో ఆ ఖాళీలోకి చూశారు.

"పట్టుకెల్లినోడే తెచ్చి ఎట్టేస్తన్నాడు" అన్నారు.

అక్కణ్ణుంచి నేరుగా మేనేజరు గదికి వెళ్ళి, గుమాస్తాలంతా వింటుండగా, "దొంగ లేడు. లెక్క నాది తప్పు" అన్నారు. నేను వెంటనే యారాడకి కబురు పంపాను. మర్నాడే మేస్త్రీ వచ్చి పనిలో చేరాడు. మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెట్టుకోలేదు. కానీ పెట్టుకునేటట్టే ఉన్నాడు.

దీంతో ఆయన మారిపోయారనుకుంటే పొరపాటు. వర్షాకాలంలో సున్నం లారీ గేటు దగ్గర ఆగితే ఇదివరకు తక్కువ తూగుతుందేమోనని చూసేవారు, ఇప్పుడు ఎక్కువ తూగుతుందేమోనని చూడటం మొదలుపెట్టారు. "కొనేవోడికి గాలి అమ్ముతన్నారు" అని డ్రైవర్ల మీద పడి టార్పాలిన్లు కప్పించేవారు. మేస్త్రీ క్యారేజీ మీద టార్చి వేయడం కూడా మానలేదు.

చివరిసారి ఆయన్ని చూసింది పోయిన వర్షాకాలంలో, మల్కాపురంలో ఆయన ఇంట్లో. మంచం మీద సగానికి సగం అయిపోయి ఉన్నారు. నేను తీసుకెళ్ళిన బత్తాయిల్ని ఒక్కొక్కటే తిప్పి చూశారు.

"కెమిస్టు గారూ, ఒకటడుగుతాను, నిజం సెప్పండి. నా ఒంట్లో సగం ఎక్కడికో పోనాది. డాక్టర్లనడిగితే మందులు రాత్తన్నారు గానీ, ఎక్కడికి పోనాదో సెప్పట్లేదు."

నేను అబద్ధాలాడే మనిషినే గానీ, ఆ మంచం పక్కన ఆడలేకపోయాను.

"గాల్లోకండీ. ఒంట్లో కరిగినది చాలావరకు ఊపిరితోనే పోతుంది. ఆ రాయిలోంచి పోయిన గాలే ఇదీ."

ఆయన తల పక్కకి వంచి, ఆ ఒక్క కంటితోనే నన్ను చూశారు.

"ఇది కాల్చి సూసే సెప్తన్నావా, లేకపోతే సాక్‌పీసులాగేనా?"

ఇదీ ఆయన. ఇంతవరకు రాసి, ఆయన పెద్దకర్మ అయిన మర్నాడు కాగితాలు పట్టుకుని యారాడ వెళ్ళాను. మేస్త్రీకి చదివి వినిపించాలనిపించింది. పనిలో ఉన్నప్పుడు నన్ను సార్ అనేవాడు, రిటైరయ్యాక బావా అంటున్నాడు. ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఎండుచేపల మీద కాకుల్ని తోలుతూ విన్నాడు. నెత్తురు తూయమన్న చోట నవ్వాడు. మీసం చోట మరీ నవ్వాడు. కబురు పంపాను, మర్నాడే వచ్చి చేరాడు అన్న చోటికి వచ్చేసరికి చెయ్యెత్తాడు.

"ఆపు బావా. నువ్వు కబురెడితే నాను వచ్చీసినానా?"

"రాలేదా?"

"నీ కబురు తెచ్చినోడికి రానని సెప్పి పంపీసినాను. మా అన్నయ్యతో పడవ మీదకెల్లిపోదామనుకున్నాను. ఆ సాయంత్రం ఆయనొచ్చినాడు, ఆ కొండెక్కి దిగి, ఒగురుత్తా. ఈడందరూ వింతగా సూసినారు. 'నిన్ను అనుమానించినాను. తప్పయిపోనాది. రేపొచ్చినా అనుమానిత్తాను, అది నా పని. రా' అన్నాడు."

"అంతేనా?"

"అంతే. అందుకొచ్చినాను."

నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. "ఆయన అనుమానించాడు సరే. నేను నిన్ను ఒక్కనాడైనా అనుమానించానా బావా? అదీ రాశాను, చూడు" అని కాగితం ముందుకి పెట్టాను.

మేస్త్రీ కాగితం చూడలేదు. ఒక కాకిని తోలి వచ్చి కూర్చున్నాడు.

"నాను తిరిగొచ్చినాక శాంపిలు ఇవ్వడానికి నీ లాబుకొచ్చేవోణ్ణి. గుమ్మం దాటి నాలుగడుగులేత్తే ఎనక నీ బీరువా తాళం పడ్డ సప్పుడు ఇనపడేది. ఆ సాక్‌పీసు గొడవకి ముందు ఆ బీరువాకి తాళమే లేదు బావా. మీరిద్దరూ నన్ను నమ్మనేదు. ఆయన సెప్పి నమ్మనేదు, నువ్వు సెప్పకుండా నమ్మనేదు."